వదిన ఇచ్చిన మాన్యువల్ పంపు: అరగంట నొక్కినా 20 మి.లీ., మధ్యలో పట్టు పోతోంది

ఉప్పల్_బుజ్జితల్లి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం అండి. పాపకు నాలుగున్నర నెలలు. ఇప్పటిదాకా నా పాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. నాలుగు వారాల్లో ఆఫీసులో చేరాలి. ఇల్లు ఉప్పల్, ఆఫీసు రాయదుర్గం, మెట్రోలో రాకపోకలు. పొద్దున 8.30కి గడప దాటితే మళ్లీ పాపను ఎత్తుకునేసరికి రాత్రి 7 అవుతుంది. పగలు పాప అత్తమ్మ దగ్గర ఉంటుంది.

పంపు మా వదిన వాడినది, రెండేళ్ల పాతది. చేత్తో నొక్కే రకం. ఇవీ నా సందేహాలు.

పాప తాగిన గంటకు పెట్టుకుంటే అరగంట నొక్కినా రెండు వైపులా కలిపి 20 మి.లీ. మించట్లేదు. నాకు పాలు తగ్గిపోయాయా?

మొదటి అయిదు నిమిషాలు బాగానే లాగుతుంది. తర్వాత హ్యాండిల్ తేలిగ్గా ఆడుతుంది గానీ పట్టు ఉండదు.

చనుమొన చుట్టూ ఎర్రబడి మంటగా ఉంటోంది. ఫ్లాంజ్ (రొమ్ముకు ఆనించే గరాటు ముక్క) మీద 24 అని ఉంది.

ఫ్రిజ్‌లో పెట్టిన పాలు పైన నూనెలాగా, కింద నీళ్లలాగా విడిపోయాయి. తెల్లారి సబ్బు వాసన వచ్చింది. విరిగిపోయాయని అత్తమ్మ పారబోశారు. నిజంగా పాడైనట్టేనా? మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. పైగా ఎండలు మొదలయ్యాయి.

ఆఫీసులో చేరే రోజుకు ఇంట్లో ఎన్ని పాలు ఉండాలి?

పాలపిట్ట జవాబు

ముందు పంపు సంగతి తేల్చి తర్వాత పాల సంగతి చూద్దాం. రెండూ కలిపి చూస్తే దేనివల్ల ఏది అవుతోందో అంతుపట్టదు.

ఈ పంపులో అసలు పని చేసేవి రెండే ముక్కలు. హ్యాండిల్ కింద గొడుగులా కూర్చునే మెత్తటి సిలికాన్ డయాఫ్రం ఒకటి, బాటిల్‌లోకి దిగి బాతు ముక్కులా ఉండే చిన్న వాల్వ్ ఒకటి. హ్యాండిల్ నొక్కితే డయాఫ్రం పైకి లేస్తుంది, లోపల గాలి పలచబడుతుంది, బాతు ముక్కు మూసుకుంటుంది. అప్పుడు లాగుడంతా రొమ్ము మీద పడుతుంది. వదిలితే ముక్కు తెరుచుకుని పాలు కిందికి జారతాయి. బాటిల్‌కు ఈ లాగుడుతో సంబంధం లేదు. అందుకే బాటిల్‌ను ఎంత గట్టిగా బిగించినా పోయిన పట్టు తిరిగి రాదు.

ఇలా పరీక్షించండి. బాటిల్ విప్పేయండి. ఫ్లాంజ్ నోటికి అరచెయ్యి ఆనించి హ్యాండిల్ నొక్కి అలాగే ఉంచండి. చర్మాన్ని పీల్చి నాలుగైదు సెకన్లు నిలబెట్టాలి. వెంటనే జారిపోతే, శుభ్రంగా కడుక్కున్న వేలితో కింద వాల్వ్‌ను మూసి మళ్లీ నొక్కండి. ఇప్పుడు పట్టు దొరికితే తప్పు వాల్వ్‌ది. అప్పటికీ దొరక్కపోతే డయాఫ్రం అంచు సరిగ్గా కూర్చోలేదు, లేదా చిరిగింది.

రెండేళ్ల పాతది అంటున్నారు కాబట్టి వాల్వ్ మీదే నాకు అనుమానం. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. చీలిక రెండు పెదవులూ పూర్తిగా కలిసి ఉండాలి. మధ్యలో సన్నటి వెలుగు గీత కనిపించిందంటే దాని పని అయిపోయినట్టే. రోజూ వాడే పంపుకు రెండు మూడు నెలలకొకసారి వాల్వ్ మార్చుకోవాలి. బ్రష్ మొనతోనో గుడ్డతోనో ఆ చీలికలో పొడిచి శుభ్రం చేస్తే ఇంకా ముందే పోతుంది. కంపెనీ, మోడల్ చూసి విడిగా వాల్వ్ తెప్పించుకోండి. ఒకదానికి రెండు కొనుక్కుంటే మంచిది.

అయిదు నిమిషాల తర్వాతే పట్టు పోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. సోఫాలో వెనక్కి జారగిలబడి నొక్కితే పాలు కిందికి పోకుండా పైకెక్కి డయాఫ్రం కిందికి చేరతాయి. అంచు తడిసి జారుతుంది. నిటారుగా కూర్చుని, కాస్త ముందుకు వంగండి. చనుమొనకు క్రీమో నెయ్యో రాసుకునే అలవాటు ఉంటే పంపు పెట్టేముందు మెత్తటి తడిగుడ్డతో తుడవండి, నూనె ఎక్కువగా ఉన్న చర్మం మీద ఫ్లాంజ్ జారుతుంది. బాటిల్ నిండి పాలు వాల్వ్‌ను తాకినా అది సరిగా తెరుచుకోదు.

ఇక మంట. 24 అనేది పంపుతో వచ్చిన సైజు, అది మీ సైజు కావాలని ఏమీ లేదు. పాలు తియ్యకముందు చనుమొన అడుగు భాగం వెడల్పును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. చుట్టూ ఉండే నల్లటి వలయాన్ని కొలవకూడదు. వచ్చిన అంకెకు 1 నుంచి 3 కలిపితే మీ ఫ్లాంజ్ సైజు. రెండు వైపులకూ రెండు సైజులు రావచ్చు, అది మామూలే. ఫ్లాంజ్ పెద్దదైతే నల్లటి వలయం కూడా ఫ్లాంజ్ మధ్య గొట్టంలోకి, అంటే సొరంగంలోకి ఈడ్చుకుపోయి ఉబ్బుతుంది, పాలు తక్కువ వస్తాయి. చిన్నదైతే చనుమొన పక్కలకు రాసుకుని పుండు పడుతుంది, తీశాక మొన తెల్లబడుతుంది. సరైన సైజులో చనుమొన ఒక్కటే సొరంగంలో ఎక్కడా రాసుకోకుండా ముందుకూ వెనక్కూ కదులుతుంది. 24 ఫ్లాంజ్‌లో దూర్చుకునే సిలికాన్ ఇన్‌సర్ట్‌లు 17, 19, 21 సైజుల్లో విడిగా దొరుకుతాయి. పంపు మొత్తం మార్చక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. గట్టిగా నొక్కితే పాలు రావు. చేపితేనే వస్తాయి. పశువుల దగ్గర మనవాళ్లు ‘చేపు’ అనే మాట ఊరికే అనలేదు, దూడను విడవకుండా పితికితే గేదె పాలివ్వదు. మనిషిలోనూ అంతే. ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలైతే గానీ లోపలి గ్రంథులు పాలను ముందుకు నెట్టవు. నొప్పి, చలి, కంగారు, గడియారం వంక చూడడం, ఇవన్నీ చేపును ఆపేస్తాయి. మంట పుడుతున్నా ఓర్చుకుని నొక్కడం వల్ల మీకు పాలు తగ్గుతాయే తప్ప పెరగవు.

చేతులు కడుక్కోండి. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను రెండు మూడు నిమిషాలు రొమ్ము మీద వేయండి. వేళ్లతో చంక వైపు నుంచి చనుమొన వైపు తేలిగ్గా నిమరండి, పిసకొద్దు. తర్వాత హ్యాండిల్‌ను సగం మాత్రమే, సెకనుకు రెండు సార్ల చొప్పున చకచకా ఆడించండి. ఇది పాప మొదట్లో గబగబా చప్పరించే తీరు. ఒకటి రెండు నిమిషాల్లో జివ్వుమని లాగినట్టు అనిపించవచ్చు, అందరికీ అనిపించదు. చుక్కలు ధారలైతే చేపినట్టు. అప్పుడు వేగం తగ్గించండి. నిండుగా నొక్కి, ఒక సెకను పట్టి, పూర్తిగా వదలాలి. పూర్తిగా వదలకపోతే వాల్వ్ తెరుచుకోదు. ఈ తప్పు చాలామంది చేస్తారు.

ధార మళ్లీ చుక్కలైతే వైపు మార్చండి. ఒక్కో వైపు అయిదారు నిమిషాలు చాలు. తర్వాత మొదటి వైపుకు తిరిగి వచ్చి మళ్లీ చకచకా నొక్కితే రెండో చేపు వస్తుంది. అలా రెండేసి సార్లు తిరిగితే మొత్తం 20–25 నిమిషాలు. చివర్లో పంపు తీసేసి ఒకటి రెండు నిమిషాలు చేత్తో పిండండి. బొటనవేలు పైన, చూపుడు వేలు కింద, చనుమొన అడుగు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ముందు ఛాతీ వైపుకు నొక్కి, తర్వాత రెండు వేళ్లనూ దగ్గరికి తెచ్చి వదలండి. వేళ్లు చర్మం మీద జారకూడదు. చివరి పాలల్లో వెన్న శాతం ఎక్కువ, అవి వదులుకోకండి.

20 మి.లీ. గురించి బెంగ పెట్టుకోకండి. పాప పూర్తిగా తాగిన గంటకు తీస్తే 15 నుంచి 60 మి.లీ. రావడమే మామూలు. పాప తాగాల్సిన వేళకు, తాగకముందు తీస్తే 60 నుంచి 120 వస్తాయి. పంపులో వచ్చినదాన్ని బట్టి ఒంట్లో ఉన్న పాలను లెక్కగట్టకూడదు. పాప రోజుకు ఆరు, అంతకన్నా ఎక్కువ సార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే.

డ్యూటీ_నర్సు జవాబు

పైన చెప్పినదంతా సరైనదే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఒకరు వాడిన మాన్యువల్ పంపు ఇంకొకరు వాడకూడదు, సొంత వదినదైనా సరే. బయటికి కనిపించే ప్లాస్టిక్‌ను మరిగించవచ్చు గానీ డయాఫ్రం మడతల్లో, హ్యాండిల్ కీలు కింద చేరిన పాల తడి మొత్తం పోయిందని చెప్పలేం. సిలికాన్‌లో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. ఆస్పత్రుల్లో పలువురు వాడే పెద్ద ఎలక్ట్రిక్ పంపుల నిర్మాణం వేరు, వాటిలో పాలు మోటారు వైపు వెళ్లవు, ఎవరి కిట్ వారికి ఉంటుంది.

పైన చెప్పినట్టు వాల్వ్, ఇన్‌సర్ట్‌లు ఎలాగూ కొత్తవి కొనాలి కదా, ఆ ఖర్చుకు ఇంకొంత కలిపితే మామూలు కొత్త పంపే వస్తుంది. కొనేముందు మీ సైజు ఫ్లాంజ్, విడి వాల్వ్‌లు ఆ మోడల్‌కు దొరుకుతాయో లేదో చూసుకోండి. హ్యాండిల్ పక్కకు తిరిగే రకమైతే మణికట్టుకు హాయి. బాలింతలకు బొటనవేలి అడుగున మణికట్టు నొప్పి మామూలుగానే వస్తుంది, రోజుకు మూడు సార్లు పంపు నొక్కితే అది ముదురుతుంది. మోచేతి కింద దిండు పెట్టుకుని, చేతులు మార్చుకుంటూ నొక్కండి.

పాలు ఎక్కువైనవాళ్లు తెలిసినవాళ్ల పిల్లలకు నేరుగా ఇవ్వడం కూడా ఇలాంటిదే. నిలోఫర్ ఆస్పత్రిలో ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు ఉంది. అలాంటి బ్యాంకుల్లో దాతకు రక్త పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పాశ్చరైజ్ చేశాకే నెలలు నిండని పసికందులకు పడతారు. ఇంట్లో మనం ఆ పని చెయ్యలేం.

అల్వాల్_అమ్మమ్మ జవాబు

ఫ్రిజ్ గురించి నేను చెబుతానమ్మా. మీ అత్తమ్మగారు పారబోసిన పాలు విరిగినవి కావు. డెయిరీ ప్యాకెట్ పాలలో మీగడను మెషీన్‌లో సన్నగా చిదిపి కలిపేస్తారు, తల్లిపాలను అలా చెయ్యరు కదా, అందుకే మీగడ పైకి తేలుతుంది, కింద నీలంగా పలచగా ఉంటుంది. సీసాను మెల్లగా గుండ్రంగా తిప్పితే కలిసిపోతాయి. తిప్పాక కూడా ముక్కలు ముక్కలుగా, పుల్లటి కంపుతో ఉంటేనే పాడైనట్టు.

సబ్బు వాసన లైపేజ్ వల్ల వస్తుంది. పాలలో ఉండే ఎంజైమ్ అది, కొవ్వును విడగొడుతుంది. హాని లేదు. చాలామంది పిల్లలు ఆ పాలు ముఖం తిప్పుకోకుండా తాగేస్తారు. ముందు పాపకు పట్టి చూడండి. తాగితే ఏమీ చెయ్యక్కర్లేదు. ససేమిరా అంటే, తీసిన వెంటనే పాలను చిన్న గిన్నెలో సన్నటి మంట మీద పెట్టి, అంచుల్లో చిన్న బుడగలు రాగానే, అంటే 82 డిగ్రీల దగ్గర దించేసి, గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి చల్లార్చి అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాలి. పొంగనివ్వకూడదు. ఇలా వేడి చేస్తే పాలలోని రక్షణ గుణం కొంత పోతుంది కాబట్టి అవసరం లేకుండా చెయ్యకండి. ఒకసారి సబ్బు వాసన వచ్చేసిన పాలను తర్వాత కాచి లాభం లేదు.

ఎంతసేపు నిలవ ఉంటాయంటే, 25 డిగ్రీల వరకు ఉన్న గదిలో 4 గంటలు. ఈ లెక్క ఏసీ గదికి. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో ఫ్యాను కింద కూడా 33, 34 డిగ్రీలుంటుంది. అప్పుడు ఆ 4 గంటలను నమ్ముకోవద్దు, తీయగానే ఫ్రిజ్‌లోకి పోవాలి. 4 డిగ్రీలుండే ఫ్రిజ్‌లో 4 రోజులు. తలుపు అరల్లో పెట్టకండి, తెరిచినప్పుడల్లా వేడెక్కేది అదే. లోపల వెనక గోడ దగ్గర పెట్టండి. కూరగాయల ట్రే కింద, పచ్చి మాంసం పక్కన వద్దు.

మీది సింగిల్ డోర్ అన్నారు. ఇది చాలామందికి తెలియదు. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో తలుపు వేరుగా ఉన్న డీప్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. అక్కడైతే 6 నెలలు బాగుంటాయి. సింగిల్ డోర్‌లో పైన ఉండే ఐసు పెట్టె అంత చల్లబడదు, పైగా గడ్డ కట్టిన ఐసు కరిగించడానికి మధ్యమధ్యలో ఆపుతూ ఉంటారు. అందులో రెండు వారాలే అనుకోండి. కరెంటు పోతే తలుపు తెరవకండి. వచ్చాక చూస్తే పాలలో ఇంకా ఐసు పలుకులున్నాయంటే మళ్లీ గడ్డకట్టనివ్వవచ్చు. పూర్తిగా నీరైపోయుంటే 24 గంటల్లోపు ఫ్రిజ్‌లో నుంచే వాడేయాలి.

ఒక్కో ప్యాకెట్‌లో 60 నుంచి 80 మి.లీ. పోయండి, ఎక్కువ పోస్తే మిగిలింది పారబోయాల్సి వస్తుంది. పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచండి, గడ్డకడితే ఉబ్బుతాయి. పళ్లెంలో పడుకోబెట్టి గడ్డకట్టిస్తే పలకల్లా సర్దుకోవచ్చు, కరగడమూ తొందరే. తేదీ రాయండి. ఫ్రిజ్‌లో పెట్టడానికి బిగుతు మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా అయినా బాగుంటుంది. అప్పుడే తీసిన వెచ్చటి పాలను చల్లటి పాలలో నేరుగా పోయకండి, విడిగా చల్లబడ్డాక కలపండి, తేదీ మాత్రం పాతదే రాయండి.

పట్టేటప్పుడు పాత తేదీది ముందు. రాత్రి ఐసు పెట్టె నుంచి కింది అరలోకి దించితే పొద్దుటికి కరుగుతుంది. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టండి. పొయ్యి మీద వద్దు, మైక్రోవేవ్ అసలే వద్దు, అందులో ఒక చోట చల్లగా ఇంకో చోట నోరు కాలేంత వేడిగా అవుతాయి. పాప తాగగా మిగిలినవి 2 గంటల్లోపు పట్టేయాలి, లేదా పారబోయాలి.

కడగడం సంగతి. ముక్కలన్నీ విప్పి, ముందు మామూలు నీళ్లతో పాల జిడ్డు పోయేలా తొలవండి. మొదటే వేడినీళ్లు పోస్తే పాలు అంటుకుపోతాయి. తర్వాత వేడినీళ్లు, సబ్బు. సింకులో అంట్లతో కలపకుండా దీనికో తొట్టి, దీనికో బ్రష్ పెట్టుకోండి. రోజుకొకసారి నీళ్లు మరగడం మొదలయ్యాక 5 నిమిషాలు ఉంచండి. గిన్నె అడుగు తగిలితే సిలికాన్ వంకర పోతుంది, అడుగున చిల్లుల పళ్లెం వేయండి. తువ్వాలుతో తుడవకుండా వాటంతట అవే ఆరనివ్వండి. ఇంకొకటి, మీ ఇంట్లో బోరు నీళ్లయితే ఫిల్టర్ నీళ్లతో మరిగించండి. బోరు నీళ్ల తెల్లటి సుద్ద వాల్వ్ పెదవుల మీద పేరుకుంటే అవి కలవవు, కొత్త వాల్వ్ కూడా పట్టు వదిలేస్తుంది. పేరుకుని ఉంటే సగం వెనిగర్, సగం నీళ్లలో కాసేపు నానబెట్టి కడగండి.

ఉప్పల్_బుజ్జితల్లి

వేలితో మూసే పరీక్ష చేశాను. మూస్తే పట్టు ఉంది, తీస్తే లేదు. తప్పు వాల్వ్‌దే. డ్యూటీ నర్సుగారు చెప్పినట్టు కొత్త పంపే తీసుకుంటాను. కొలిస్తే కుడివైపు 16, ఎడమవైపు 17 మి.మీ. వచ్చింది. మాది బోరు నీళ్లే అండి, అమ్మమ్మగారు భలే పట్టుకున్నారు. ఇక ఆఫీసు లెక్క ఎవరైనా చెప్పండి.

పాలపిట్ట

16కి, 17కి రెండు వైపులా 19 సైజు సరిపోతుంది. కుడివైపు వదులుగా అనిపిస్తే 17 ఇన్‌సర్ట్ పెట్టి చూడండి. 24 ఫ్లాంజ్ మీకు బాగా పెద్దది. ఆ ఎరుపుకు కారణం అదే.

బ్లూలైన్_9.05 జవాబు

ఆఫీసు లెక్క నేను రాస్తాను. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య పసిపిల్ల తల్లి దగ్గర లేనప్పుడు గంటకు 25 నుంచి 35 మి.లీ. తాగుతుంది. మీరు పదిన్నర గంటలు ఉండరు, అంటే 260 నుంచి 370 మి.లీ. మొదటి రోజుకు 350, ఒలికినా పాప ఎక్కువ అడిగినా ఉండేలా మరో 300. మొత్తం 650 మి.లీ. ఉంటే చాలు. తర్వాత ఇవాళ ఆఫీసులో తీసినవే రేపు ఇంట్లో తాగుతుంది. ఫ్రీజర్ నింపుకోవాలని చూడకండి. అవసరానికి మించి తీస్తే ఒళ్లు అలవాటుపడి పాలు ఎక్కువై గడ్డలు కడతాయి.

మీ ఐసు పెట్టెకు రెండు వారాలే గడువు కాబట్టి ఇప్పటి నుంచే దాచి లాభం లేదు. ఇప్పుడు కొత్త పంపుకు చెయ్యి అలవాటు చేసుకోండి. చేరడానికి పది, పన్నెండు రోజుల ముందు రోజుకు 60 మి.లీ. చొప్పున మొదలుపెట్టండి. తెల్లవారుజామున పాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి పొద్దున మొదటిసారి పాపకు ఒక వైపు పడుతూ రెండో వైపు పంపు పెట్టండి. పాప చప్పరిస్తే రెండు వైపులా చేపుతుంది, పంపుకు శ్రమ ఉండదు.

ఆఫీసు రోజున 8.15కి పాపకు పట్టి బయల్దేరండి. 11కి, 2కి, 4.45కి ఇరవయ్యేసి నిమిషాలు పంపు. ఇంటికి రాగానే నేరుగా పాపకు. ఆ వేళకు పాప కడుపు నిండా తాగి ఉంటే రెండు వైపులా బరువుతో బాధపడేది మీరే, అందుకని 6 తర్వాత పెద్ద మోతాదు పట్టొద్దని అత్తమ్మగారికి చెప్పండి, మరీ ఏడిస్తే 30 మి.లీ. చాలు. ఒక పూట పంపు తప్పినా ఫరవాలేదు. వరుసగా తప్పితే మాత్రం వారంలో తేడా తెలుస్తుంది.

చట్టం మీ వైపు ఉంది. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు మామూలు విరామం కాకుండా రోజుకు రెండు నర్సింగ్ బ్రేకులు ఇవ్వాలి. 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లిరావచ్చు. చేరకముందే హెచ్ఆర్‌కు ఈమెయిల్ రాసి, లోపలి నుంచి గడియ పెట్టుకునే గది, కుర్చీ, దగ్గర్లో సింకు కావాలని అడగండి. మాన్యువల్ పంపుకు ప్లగ్ పాయింట్ అక్కర్లేదు, చప్పుడూ తక్కువ, అది మీకు కలిసొచ్చేదే. బాత్రూంలో తియ్యమంటే ఒప్పుకోకండి. అది బిడ్డ తాగే ఆహారం.

సంచిలో పెట్టాల్సినవి: పంపు, విడి వాల్వ్, మూతలున్న మూడు సీసాలు, రాత్రంతా గడ్డకట్టిన రెండు జెల్ ప్యాకులు, చిన్న తువ్వాలు, తీసిన ముక్కలకు జిప్ కవరు. ఇన్సులేషన్ ఉన్న సంచిలో ప్యాకులు సీసాలకు తాకుతూ ఉంటే 24 గంటలు పాలు చెడవు. ఆఫీసు ఫ్రిజ్ ఉంటే సీసాలను సంచిలోంచి తీసి, పేరు రాసి అందులో పెట్టండి. ప్యాకులు మాత్రం అక్కడి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. సాయంత్రం మెట్రో దిగాక ఆటో దాకా వేడి ఉంటుంది, అప్పటికి అవి మళ్లీ గడ్డకట్టి ఉండాలి. ప్రతిసారీ కడగడం మంచిది. సింకు దగ్గర కుదరని రోజున ముక్కలను తొలిచి జిప్ కవరులో ఫ్రిజ్‌లో ఉంచి తర్వాతి సారికి వాడుకోవచ్చు. ఇది ఆరోగ్యంగా ఉన్న, కాస్త పెద్ద పిల్లలకే. రెండు నెలల లోపు పిల్లలకూ నెలలు నిండకుండా పుట్టినవాళ్లకూ వద్దు.

డ్యూటీ_నర్సు

రెండు విషయాలు మిగిలాయి. పంపుతో సీసా వచ్చింది కదా అని దానికి పాలపీక తగిలించి పట్టాల్సిన పని లేదు. నాలుగున్నర నెలల పిల్ల ఉగ్గుగిన్నెతో హాయిగా తాగుతుంది, చిన్న స్టీలు గ్లాసుతోనైనా. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తాకేదాకా వంచి ఆగాలి. పాపే చప్పరిస్తుంది. నోట్లో పోయకూడదు, పొలమారుతుంది. కడగడానికి మూలలుండవు కాబట్టి మన నీళ్లకూ మన ఎండలకూ సీసా కంటే గిన్నె నయం. అత్తమ్మగారికి ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదనుకుంటాను. మీరు ఆఫీసులో చేరేముందు ఒక వారం రోజులు, రోజుకొకసారి ఆవిడ చేతే పట్టించండి. మీరు ఆ గదిలో ఉండకండి. మీ వాసన తగిలితే పాప గిన్నె ముట్టదు.

రెండోది గడ్డలు. ఎక్కడైనా గట్టిపడి ఎర్రబడి నొప్పి చేస్తే, పాలు మొత్తం తీసేస్తే కరుగుతుందని పంపు మీద పంపు పెట్టకండి. గట్టిగా పిసకడం, దువ్వెనతో దువ్వడం వంటివి లోపలి వాపును పెంచుతాయి. పాపకు మామూలుగా పడుతూ, మధ్యలో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. జ్వరం 101 దాటి ఒళ్లు వణికినా, ఒక రోజులో తగ్గకపోయినా డాక్టర్‌కు చూపించాలి. యాంటీబయాటిక్ ఇచ్చినా మామూలుగా పాలివ్వడం ఆపక్కర్లేదు, పాలిస్తున్నానని డాక్టర్‌కు చెప్పండి చాలు. పాలల్లో గులాబీ చార కనిపిస్తే భయపడకండి, అది చాలావరకు చనుమొన పగులు నుంచి వచ్చిన రక్తమే, పాప తాగినా ఏమీ కాదు. అయితే ఫ్లాంజ్ సైజు మళ్లీ చూసుకోండి.

ఉప్పల్_బుజ్జితల్లి

కొత్త పంపు వచ్చింది, 19 ఇన్‌సర్ట్‌తో. చకచకా, తర్వాత నిదానంగా, మధ్యలో వైపు మార్చి తీస్తే ఇవాళ పొద్దున పాప ఒక వైపు తాగుతుండగా రెండో వైపు 55 మి.లీ. వచ్చాయి. మంట లేదు. ఒక్కటే సందేహం. ఎడమవైపు ఎప్పుడూ కుడివైపులో సగమే వస్తాయి.

పాలపిట్ట

దాదాపు అందరికీ ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటుంది. రోజు మొత్తం మీద ఎంత వచ్చిందన్నదే లెక్క. సమం చెయ్యాలనుంటే పంపు ఎడమవైపుతో మొదలుపెట్టి ఎడమవైపుతో ముగించండి. మీరు కుడిచేత్తో నొక్కుతున్నట్టయితే ఎడమవైపు పెట్టుకున్నప్పుడు ఫ్లాంజ్ కొంచెం పక్కకు వాలుతోందేమో అద్దంలో చూసుకోండి, చనుమొన సొరంగం మధ్యలో ఉండాలి. విడి వాల్వ్‌ను ఇవాళే సంచిలో వేసేయండి.